బాలశౌరి ఎండబెట్టిన పంతొమ్మిది బస్తాలు

మా అన్న బాలశౌరి డాక్టరిచ్చిన మాత్రని కూడా రెండు ముక్కలు చేసి వాసన చూడందే వేసుకునేవాడు కాదు. పెట్రోలు బంకులో బండి ట్యాంకు దగ్గరికి వంగి, పెట్రోలు పడుతున్న చప్పుడు వినేవాడు. చర్చిలో ఫాదర్ గారు చెప్పిన వాక్యాన్ని ఇంటికొచ్చి నాచేత బైబిల్లో వెతికించి, ఉందని చదివి వినిపించాకే భోజనానికి కూర్చునేవాడు. తనకి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. చదివిపెట్టడానికి నేనున్నాను. పిడుగురాళ్ళ హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. నేను చదివింది మాత్రం నమ్మేవాడు. అదైనా రెండుసార్లు చదివించుకుని.

పోయినేడు ఆగస్టులో ఆయాసంతో పోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళు సున్నపు బట్టీల దగ్గర పనిచేసినవాడికి ఊపిరితిత్తులు అంతకాలం ఆగడమే ఎక్కువని డాక్టరు అన్నాడు. అంత్యక్రియలకి వచ్చినవాళ్ళు చానామంది, "మనిషి మంచోడేగాని ఎవర్నీ నమ్మేవాడు కాదమ్మా" అన్నారు. ఆ మాట నిజమే. ఆ నమ్మకపోవడం వల్ల ఒకసారి ఏం జరిగిందో తెలిసినవాళ్ళం కొద్దిమందిమి. అది రాసిపెట్టాలనిపించింది.

ముందు సున్నం సంగతి చెప్పాలి. పిడుగురాళ్ళ వైపు రాయిని బట్టీలో కాలిస్తే గడ్డ సున్నం వస్తుంది. ఆ గడ్డని లోటాలో నీళ్ళలో వేసి అన్న చెవి ఆనించి వినేవాడు. మూడు లెక్కపెట్టేలోపు సలసలమని ఉడికితే బతికున్న సున్నం. నానుతూ కూర్చుంటే గాలికి చచ్చిన సున్నం. సున్నానికి ఇద్దరే శత్రువులని చెప్పేవాడు: ఒకటి తడి, రెండు గాలి. వానాకాలంలో ఇంటికి పట్టా కప్పకపోయినా బస్తాలకి కప్పేవాడు. ఆ కోపం మా వదిన చివరిదాకా చెప్పుకునేది. వాళ్ళ కూతురు ఝాన్సీకి తొమ్మిదేళ్ళప్పుడు వదిన పోయింది.

అన్న బట్టీలో మేస్త్రీగా ఉన్న రోజుల్లో నరసరావుపేట వ్యాపారి త్రికోటేశ్వరరావు గారికి ఒక లారీ పొడి సున్నం వెళ్ళింది. సరుకంతా తడి తగిలిందని ఆయన వెనక్కి పంపాడు. అన్న ప్రతి బస్తాలో చెయ్యిపెట్టి చూసే ఎక్కించాడు. పొడిగా ఉందని ప్రమాణం చేశాడు. "దారిలోనో, దించేటప్పుడో ఆ శెట్టే నీళ్ళు కొట్టించాడు. తూకం పెరగాలని చూశాడు, అది ముద్దకట్టింది, నెపం నామీద పెట్టాడు" అన్నాడు. ఎవరూ వినలేదు. మేస్త్రీ పని పోయి, అన్న మళ్ళీ రాయి మోసే కూలీ అయ్యాడు. ఆ లారీ విషయం అప్పట్నించి పద్దెనిమిదేళ్ళు మా ఇంట్లో భోజనాల దగ్గర నలుగుతూనే ఉంది.

ఝాన్సీ కెమిస్ట్రీలో పీజీ చేసింది. మూడేళ్ళ కిందట ఒకనాడు వచ్చి, ఒక చిన్న సంస్థలో చేరానని చెప్పింది. భూమి దాటిపోయాక మనుషులు ఎట్టా బతకాలో పరీక్షలు చేసే సంస్థ. దాని కోసం నలుగురు ఇరవై ఒక్క రోజులు మూసిన గదిలో ఉండాలి. బయటి గాలి ఉండదు. బయటి నీళ్ళు ఉండవు. ఆ నలుగురిలో తను ఒకతె.

అన్న నన్ను వంటింట్లోకి పిలిచాడు.

"ఏమే సుందరీ, తలుపేసుకుని కూర్చుంటే జీతమిస్తారంట. ఇది కిడ్నీల బేరం కాదు గదా?"

ఝాన్సీ అవతల గదిలోంచే వింది.

"కిడ్నీ తీయడానికి ఇరవై ఒక్క రోజులెందుకు నాన్నా? ఒక్క పూట చాలు."

"చూశావా! ఎంత టైమ్ పడుతుందో కూడా తెలుసు దీనికి!" అన్నాడు అన్న, నా వైపు తిరిగి.

చూడందే నమ్మనంటే ఆదివారం ముగ్గురం వెళ్ళాం. నరసరావుపేట నుంచి కోటప్పకొండ పోయే రోడ్డులో ఒక కాలేజీ, దాని వెనక వాడకుండా వదిలేసిన వర్క్‌షాపు షెడ్డు. అందులో తెల్లగా, రెండు లారీలు బారున నిలబెట్టినంత పొడవు డబ్బా. దానికి ఒక చిన్న గాజు కిటికీ, ఒక ఇనప తలుపు. లోపల నాలుగు పడకలు, ఒక బల్ల, ఒక మూల మరుగుదొడ్డి. ఊపిరిలోంచి, చెమటలోంచి వచ్చిన తేమని యంత్రం పట్టి డ్రమ్ములోకి వదులుతుంది. అవే నీళ్ళు శుద్ధిచేసి మళ్ళీ వాడుకోవాలి. అన్న మంచాల కింద చూశాడు. బల్ల సొరుగు లాగి చూశాడు. ఆపరేషన్ సామాను ఏదీ కనపడలేదు.

అక్కడ పని చూసే ప్రత్యూష ముప్పై దాటని అమ్మాయి, నిదానంగా మాట్లాడే మనిషి. అన్న ఆమెని అడిగాడు.

"లోపల గాలి ఎన్నాళ్ళకి సరిపోద్దమ్మా?"

"పీల్చే గాలికి సిలిండర్లున్నాయండీ. ఇబ్బంది విడిచిన గాలితోనే. అది పోగవుతుంది. దాన్ని తీసేయకపోతే, ఆక్సిజన్ ఎంతున్నా మనిషి బతకడు."

"మరెట్టా తీస్తారు?"

"సున్నంతో."

అన్న మొహంలో అప్పటిదాకా ఉన్న వంకర పోయింది. మా ఊరి సున్నంలో కొద్దిగా ఇంకో రసాయనం కలిపి గుళికలు చేస్తారట. ట్రేలలో పరిచి ఫ్యాను తిప్పితే అవి విడిచిన గాలిని పట్టేస్తాయి. తెల్లగా ఉండేవి, పనైపోయాక ఊదారంగుకి తిరుగుతాయి. నలుగురికి రోజుకో బస్తా పడుతుంది.

"పైన కూడా సున్నమేనా?" అన్నాడు అన్న, వేలు ఆకాశం వైపు చూపించి.

"పైన వేరే మందులు, యంత్రాలు వాడతారండీ. అవి చెడిపోతే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. మనకి దగ్గర్లో దొరికేది, మన చేత్తో చేసుకోగలిగేది. అదే మేం చూస్తున్నాం."

అన్న చానాసేపు ఆ డబ్బా గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తను ముప్పై ఏళ్ళు మోసిన సున్నం తన కూతురి ఊపిరికి కాపలా ఉంటుందంటే గర్వపడ్డాడనుకున్నాను. అంతలో అడిగాడు.

"గుళికలు చేసేదెవరు?"

"త్రికోటేశ్వరరావు గారి మిల్లండీ. నరసరావుపేట."

బయటికొచ్చి స్కూటీ ఎక్కబోతుంటే అన్న ఒక్కటే మాటన్నాడు. "అది ఆ డబ్బాలో కూర్చునేది ఆ శెట్టి సరుకు నమ్ముకునా?"

ఝాన్సీకి కోపమొచ్చింది. "నాన్నా, ఈ పరీక్ష పూర్తయితేనే నన్ను తర్వాతదానికి తీసుకునేది. అది ఆరు నెలలది, మంచు కొండల్లో. మధ్యలో తలుపు తీశారంటే ఇది లెక్కలోకి రాదు. నీకు దండం పెడతా, ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దు."

గొడవ పెట్టుకోనన్నాడు. వారం తిరక్కుండా అక్కడే స్టోర్ చూసే పనికి కుదిరాడు. సున్నం తెలిసిన మనిషి దొరికాడని ప్రత్యూష సంతోషించింది.

మొత్తం ఇరవై నాలుగు బస్తాలు వచ్చాయి. వాటిలో ఐదు అప్పటికే డబ్బా లోపల ఉన్నాయి. మిగతా పంతొమ్మిది స్టోర్లో. శివరాత్రికి కోటప్పకొండ రోడ్డంతా ప్రభలు, బండ్లు, జనం. మూడు రోజులు వర్క్‌షాపుకి ఎవరూ రాలేరు. "మనకేం తిరణాల లేదుగా, నేనుంటాలే" అని అన్న ఒక్కడే ఉండిపోయాడు. రెండో రోజనుకుంటా, నాకు ఫోన్ చేశాడు.

"గోనెలు కుట్టే దబ్బనం, పురికొస తీసుకుని రా. ఎవరికీ చెప్పబాక."

తిరణాల జనంలో సగం దూరం నడిచి వెళ్ళేసరికి స్టోర్ తలుపు వేసి ఉంది. రేకుల షెడ్డు లోపల పొయ్యిలా ఉంది. కింద రేకులు పరిచి, వాటి మీద గుళికలు పలచగా ఆరబోశాడు. సున్నం కొరక్కుండా చేతులకి మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకున్నాడు. పక్కన కాటా. గోడ మీద సుద్దతో రెండు వరసల అంకెలు.

"చెయ్యి పెట్టి చూడు," అని ఇంకా విప్పని బస్తా మూతి తెరిచాడు. గుళికలు అరచేతికి చల్లగా తగిలాయి.

"తడి," అన్నాడు. "ఇరవై ఐదు కిలోల బస్తా. ఎండాక తూచా. ఇరవై ఒకటిన్నర. మూడున్నర కిలోల నీళ్ళు కొట్టాడే శెట్టి! పద్దెనిమిదేళ్ళకి దొరికాడు. ప్రతి బస్తా ముందు తూకం, ఎండిన తూకం గోడ మీద రాసిపెట్టా. పిల్ల బయటికి రాగానే అందర్నీ పిలిచి చూపిస్తా."

"ప్రత్యూషకి ఇప్పుడే చెబితే?"

"చెబితే ఆ పిల్ల శెట్టికి ఫోన్ చేస్తది. ఆయనొచ్చి ఒక కత చెప్తాడు. చదువుకున్నోళ్ళు కతలు బాగా నమ్ముతారు."

"మరి గాలి తగులుతోంది కదా?"

"అంత తెలీదా నాకు? తలుపులన్నీ మూసి, పైన ఆ చిన్న కిటికీ ఒక్కటే తీశా. ఆవిరి పోవాలి గదా."

నాకూ ఆ లారీ గుర్తుంది. మేస్త్రీ పని పోయిన రోజు అన్న ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నది గుర్తుంది. కాబట్టి నేనూ నమ్మాను. ఆ రెండు రోజులు పంతొమ్మిది బస్తాల మూతులు నేనే కుట్టాను. కుట్టు ముందులాగే ఉండాలని అన్న పక్కన నిలబడి చూశాడు.

శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజు ఆ పంతొమ్మిది బస్తాలు కూడా డబ్బాలోకి చేర్చి తలుపు మూశారు. లోపలికి ఝాన్సీ, మాచర్ల అమ్మాయి నిఖత్, ఇద్దరు మగపిల్లలు వెళ్ళారు. బయట బల్ల మీద స్పీకరు, మీటరు తెర. ఆ మీటరు లోపల విడిచిన గాలి ఎంత పోగైందో చూపిస్తుంది. నూటికి పాయింట్ మూడు పాళ్ళుంటే మామూలు. ఒకటి దాటితే హెచ్చరిక. రెండు దాటితే ఏదేమైనా తలుపు తీసేయాలని రాసుకున్నారు.

మొదటి ఐదు రోజులు ముందునుంచి లోపలున్న ఐదు బస్తాలు వాడారు. పాయింట్ మూడు దాటలేదు. ఆరో రోజు పొద్దున స్పీకర్లో నిఖత్ గొంతు వినిపించింది.

"మేడం, ఈ బస్తాలు తేలిగ్గా ఉన్నాయి. స్టోర్లో ఎవరన్నా కాజేశారా?"

ప్రత్యూష అన్న వైపు చూసింది. అన్న తొణకలేదు. ఆ సాయంత్రం నాకు ఫోన్లో చెప్పి నవ్వాడు కూడా. "నన్ను దొంగంటన్నారే. పోయింది నీళ్ళు, సరుకు కాదు. చెప్తాలే అప్పుడు."

ఏడో రోజు ఆదివారం. చర్చిలో పూజ అయ్యాక అన్నకి క్యారియర్ తీసుకుని వెళ్ళాను. వర్క్‌షాపులో ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోవడం లేదు. మీటరు ఒకటిన్నర చూపిస్తోంది.

"మీటరే పాడైందండీ," అంది ప్రత్యూష. "రిహార్సల్లో కూడా ఇట్టాగే ఉత్తుత్తి హెచ్చరిక ఇచ్చింది. గుళికలు తెల్లగానే ఉన్నాయి, చూడండి. రంగు మారలేదంటే ఇంకా శక్తి ఉన్నట్టే కదా."

లోపలి కెమెరాలో ట్రేలు కనిపిస్తున్నాయి. మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నాయి.

ఝాన్సీ పొద్దుటి లెక్కలు చదువుతోంది. ఒకే వరస రెండుసార్లు చదివింది. ప్రత్యూష ఆపితే, "ఎన్నిసార్లు చదవాలి? చెవులు లేవా మీకు?" అని అరిచింది. అది మా ఝాన్సీ మాట్లాడే పద్ధతి కాదు. అన్న క్యారియర్ పక్కనపెట్టి మైకు దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, తల నొప్పిగా ఉందా?"

"ఉంది. నువ్వెందుకొచ్చావు మధ్యలో?"

"యాడ నొప్పి? కళ్ళపైనా, వెనకా?"

"కళ్ళపైన. అందరికీ."

"కూర్చున్నా ఆయాసం వస్తందా? మెట్లెక్కినట్టు?"

ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకుని, "వస్తోంది," అంది.

అన్న మొహం చూశాను. చలికాలంలో బట్టీ అంచున వెచ్చగా ఉంటుందని కూలీలు పడుకునేవాళ్ళు. బట్టీ వదిలే గాలికి, లేచేసరికి ఇదే నొప్పి, ఇదే చిరాకు, ఇదే ఆయాసం. అన్నతో కలిసి రాయి మోసిన బాజీ అనే అతను ఒకసారి అట్టా పడుకుని లేవలేదు. ఆ పొద్దున అతన్ని మోసుకొచ్చిన నలుగురిలో అన్న ఒకడు.

"మీటరు అబద్ధం చెప్పట్లేదమ్మా," అన్నాడు ప్రత్యూషతో. "ఆ గుళికలే అబద్ధం చెప్తన్నాయి. శెట్టి నీళ్ళు ఒక్కటే గాదు, ఇంకేదో కలిపాడు. ఫోన్ చెయ్యి, నా ముందరే చెయ్యి."

ప్రత్యూష ఫోన్ చేసి, అందరూ వినేటట్టు బల్ల మీద పెట్టింది. త్రికోటేశ్వరరావు గారు ఆమె చెప్పిందంతా విన్నారు.

"నా సరుకులో తేడా ఉంటే మిల్లు మూసేస్తానమ్మా. తేమ చూశారా?"

"తేమా?"

"నూటికి పదిహేను పాళ్ళు తేమ ఉంచమని మీరేగా రాసిచ్చారు! అది లేకపోతే గుళిక గాలిని పట్టదు, రంగూ తిరగదు. ఎండిపోయినయ్యేమో చూడండి."

"సున్నానికి నీళ్ళు కలిపి సమర్థించుకునేది నువ్వొక్కడివే శెట్టీ!" అని అన్న ఫోన్ మీదికి వంగి అరిచాడు.

"ఎవరది, శౌరీనా? ఇంకా ఆ లారీ మోస్తానే ఉన్నావా నువ్వు?"

ప్రత్యూష ఫైలు తిరగేస్తోంది. ఆమె అనుమానం ఆమెది. "సీలు వేసిన బస్తాల్లోంచి తేమ ఎట్టా పోతుందండీ? మీరే తక్కువ పెట్టి ఉంటారు. మొదటి ఐదు బస్తాలు బాగా చేసి, మిగతావి..."

"అమ్మా, మాట జాగ్రత్త," అంటున్నాడాయన అటునుంచి.

అన్న ఆమె చేతిలోంచి కాగితం లాక్కున్నట్టే తీసుకుని నాకిచ్చాడు. "చదువు."

సంస్థ మిల్లుకి రాసిచ్చిన కాగితం అది. గుళిక సైజు, సున్నం పాలు, రసాయనం పాలు వరసగా ఉన్నాయి. వాటి కింద: నీరు, వందకి పద్నాలుగు నుంచి పద్దెనిమిది. దాని కింద ఇంకో ముక్క: ఎండనివ్వరాదు.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

ఆ షెడ్డులో నిజం తెలిసినవాళ్ళం అప్పటికి ఇద్దరమే. మేం నోరు విప్పకపోతే తలుపు తీస్తారు, పిల్లలు బయటికొచ్చి కూర్చుని గాలి పీలుస్తారు, ఎవరికీ ఏమీ కాదు. నేరం త్రికోటేశ్వరరావు గారి మెడకి చుట్టుకుంటుంది. పద్దెనిమిదేళ్ళుగా అన్న ఎదురుచూసింది అదే. పోయేదల్లా ఝాన్సీ పరీక్ష. ఇదంతా నేను ఇప్పుడు ఇంత నింపాదిగా రాస్తున్నాను గాని, అప్పుడు నాకు తట్టిందల్లా ఒకటే, నా చేతి సంచీలో ఇంకా ఆ దబ్బనం ఉందని.

మీటరు ఒకటి పాయింట్ ఏడుకి వచ్చింది. ప్రత్యూష ఇనప తలుపు పిడి మీద చెయ్యి వేసింది. స్పీకర్లో ఝాన్సీ, "మేడం, తలుపు తీయొద్దు, ప్లీజ్. పైనైతే ఎవరొచ్చి తీస్తారు? ఏం చెయ్యాలో చెప్పండి, చేస్తాం," అంటోంది. మాట మాటకీ ఊపిరి తీసుకుంటోంది.

అన్న నా చెవిలో, "నువ్వు కుట్టిన సంగతి చెప్పబాక," అన్నాడు. తర్వాత పైకి అన్నాడు.

"తలుపు ముట్టుకోబాకమ్మా. వాటిని నేనే ఎండబెట్టాను. పంతొమ్మిదీ."

ప్రత్యూష చెయ్యి పిడి మీదే ఉంది.  ఫోన్లోంచి త్రికోటేశ్వరరావు గారి గొంతు వచ్చింది. తిడతాడనుకున్నాను. వ్యాపారస్తుడు తూకమే అడిగాడు.

"బస్తాకి ఎంత తగ్గింది శౌరీ?"

"మూడున్నర. కొన్నిట్లో మూడుంబావు. గోడ మీద రాసి ఉంది."

"అయితే ఏ బస్తాలో ఎంత పోయిందో అంతే పొయ్యి. ఒక్కసారి కుమ్మరించబాక. కొద్దికొద్దిగా చిలకరించి కలపాలి. గంటసేపు మూతేసి ఉంచాలి. పూర్తిగా రాదు గాని చానావరకు వస్తది."

ఆయన ఫోన్ పెట్టేశాక అన్న మైకు దగ్గర నిలబడ్డాడు.  

"ఝాన్సీ, ఆ గుళికల మీద నీళ్ళు చిలకరించాలమ్మా."

 ఝాన్సీ నెమ్మదిగా అడిగింది. "నాన్నా, నిన్నెవరన్నా అట్టా చెప్పమంటన్నారా?"

"లేదు."

"సున్నం మీద నీళ్ళు పొయ్యమని నువ్వు చెప్పవు."

"చెప్పను. ఇప్పుడు చెప్తన్నా."

"ఎందుకు?"

"అవి తడిగానే ఉండాలంట. శెట్టి నీళ్ళు కొట్టాడనుకుని నేను ఎండబెట్టా."

"ఎప్పుడు?"

"తిరణాలప్పుడు."

ఆమె పక్కన నిఖత్ ఏదో అంటోంది. ఝాన్సీ ఆమెని ఆగమంది. "అత్తుందా అక్కడ?"

"ఉన్నానే," అన్నాను.

"నిజమేనా అత్తా?"

"నిజమే. మూతులు నేనే కుట్టాను."

అన్న నన్ను కొరికేసేలా చూశాడు.

ఝాన్సీ అప్పటికీ ఒకేసారి నమ్మలేదు. తండ్రి పోలికే. సున్నం మీద నీళ్ళు పడితే ఎట్టా ఉడుకుతుందో చిన్నప్పట్నించి చూసిన పిల్ల. మూసిన గదిలో అది పొంగితే పారిపోవడానికి చోటు లేదు. స్టీలు పళ్ళెంలో గుప్పెడు గుళికలు పోసి, మిగతా ముగ్గుర్నీ అవతలికి జరగమని, డ్రమ్ములోంచి చెంచాడు నీళ్ళు తీసుకుంది. ఆ నీళ్ళు వాళ్ళ నలుగురి ఊపిరిలోంచి, చెమటలోంచి యంత్రం పట్టినవే. చిలకరించింది. బయట మేమందరం స్పీకర్ వైపు వంగి వింటున్నాం. సలసల వస్తుందేమోనని నాకు ఒళ్ళంతా చెవులే.

"ఉడకట్లేదు," అంది ఝాన్సీ. "కొంచెం వెచ్చబడిందంతే."

"చేత్తో ముట్టుకోబాక. చెంచాతో తిప్పు."

"తెలుసు నాన్నా."

ఒక బస్తా తడిపి ట్రేలలోకి మార్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అప్పటికి మీటరు ఒకటి పాయింట్ తొమ్మిది. ప్రత్యూష పిడి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. అది రెండైతే తీసేస్తానని అందరికీ వినపడేటట్టు చెప్పింది. ఒకటి పాయింట్ తొమ్మిది దగ్గర చానాసేపు ఉంది. ఐదు గంటలప్పుడు నిఖత్ అరిచింది.

"ఊదా! మేడం, కింది వరస ఊదారంగుకి తిరుగుతోంది!"

మరో గంటకి ఒకటి పాయింట్ ఎనిమిది. మర్నాడు పొద్దున ఎనిమిదికి పాయింట్ ఆరు.

ప్రత్యూష ఆ పొద్దునే అన్నని స్టోర్ పనిలోంచి తీసేసింది. ఆమె తప్పేమీ లేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి అన్న బయల్దేరబోతుంటే స్పీకర్లో ఝాన్సీ అంది. "గోడ మీద అంకెలు చదివేవాళ్ళు కావాలి మేడం. ఏ బస్తాకి ఎన్ని నీళ్ళో మాకెట్టా తెలుస్తుంది? స్టోర్లోకి రావొద్దనండి. ఆ స్టూలు మీద కూర్చోమనండి."

అంకెలు ఎవరైనా చదవొచ్చు. ఫోటో తీసి పంపినా సరిపోయేది. ప్రత్యూషకి అది తెలుసు. అయినా స్టూలుని మైకు దగ్గరికి జరిపింది.

మిగిలిన పద్నాలుగు రోజులు అన్న జీతం లేకుండా ఆ స్టూలు మీద కూర్చున్నాడు. ఝాన్సీ అతనితో ఇంకో మాట మాట్లాడలేదు. పొద్దున ఎనిమిదికి మీటరు అంకె మాత్రం చెప్పేది. "పాయింట్ ఐదు." "మళ్ళీ చెప్పు," అనేవాడు అన్న. "పాయింట్ ఐదు." అప్పుడు బస్తా నంబరు, నీళ్ళ కొలత చెప్పేవాడు. ఆమె కూడా, "మళ్ళీ చెప్పు," అనేది. రోజుకి అంతే.

ఇరవై ఒకటో రోజు తలుపు తీశారు. ఆ నలుగురూ వాడిపోయి, కళ్ళు చికిలిస్తూ బయటికొచ్చారు. త్రికోటేశ్వరరావు గారు కూడా వచ్చారు. అన్న ఆయన దగ్గరికి వెళ్ళి, "ఈ సరుకు విషయంలో నాదే తప్పు," అన్నాడు.

"ఈ సరుకు విషయంలోనా?" అన్నారాయన.

"ఈ సరుకు విషయంలో."

ఆయన నవ్వారు. ఆ లారీ గురించి అటు ఆయనా, ఇటు ఈయనా ఇంకో మాట అనలేదు. దానిలో నిజమేంటో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండు నెలలకి ప్రత్యూష, ఝాన్సీ కలిసి రాసిన రిపోర్టు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. అన్న నా ముందు కూర్చుని, తన గురించి రాసిన చోటు వెతికి తెలుగులో చెప్పమన్నాడు. "మన పిల్ల నన్ను కాపాడిందేమో చూడు," అన్నాడు. కాపాడలేదు. స్టోర్ బాధ్యుడు అనుమతి లేకుండా గుళికలు ఎండబెట్టాడని, దానివల్ల నలుగురి ప్రాణానికి ముప్పు వచ్చిందని సూటిగా ఉంది. ఆరో రోజు, ఏడో రోజు లెక్కలోంచి తీసేశారు. పరీక్ష మాత్రం పూర్తయినట్టే రాశారు. తలుపు తీయకుండా లోపలివాళ్ళే సరిచేసుకున్నారు కాబట్టి. ఝాన్సీ పేరు మంచు కొండల జాబితాలో ఉంది.

ఎండబెట్టిన సంగతి కింద ఇంకో వాక్యముంది. నీటి కొలతలు కూడా అతనే ఇచ్చాడని, అతను ఒప్పుకోకపోతే లోపం ఎక్కడుందో దొరికేది కాదని.

"ఆ రెండో ముక్క ప్రత్యూష రాసిందా, మన పిల్ల రాసిందా?"

"ఝాన్సీయే. కింద సంతకం ఉంది."

అన్న ఆ సంతకం మీద వేలు పెట్టి చూశాడు. "కూతురు తండ్రి గురించి రాస్తే ఎవరు నమ్ముతారే? దాని మిగతా రాతని కూడా అనుమానిస్తారు. కొట్టేయమను."

ఫోన్ చేసి చెప్పాను. ఝాన్సీ కొట్టేయనంది.

"ఏమంది?" అన్నాడు అన్న.

"కొట్టేయదంట."

"మళ్ళీ అడుగు," అన్నాడు.